సముద్రజీవుల వంశవృక్షము

సముద్రతీరమున అలివి వల లాగు వేళ నిలిచి చూచినవారికి ఒక దృశ్యము గుర్తుండును. వల ఒడ్డునకు చేరగానే బేరగాండ్రందరును చేపల చుట్టును, రొయ్యల చుట్టును మూగుదురు. అమ్ముడుపోవు సరకంతయు గంపల కెక్కిన పిమ్మట ఇసుకమీద కొంత మిగిలిపోవును. గాజువలె అవతలి వస్తువు కనబడు జిగురుముద్దలు, ఒడలంతయు చిల్లులు గల మెత్తని దిమ్మలు, చెక్కముక్కకు కరచుకొని వచ్చిన గుల్లలు, పేరు తెలియని పురుగులు - ఇవి ఎవరికిని అక్కరలేనివి. పిల్లలు కాలితో కదలించి చూతురు. తరువాతి కెరటము వానిని మరల లోనికి తీసికొనిపోవును.

ఆ అక్కరలేని ప్రాణులను గూర్చియే ఈ ప్రసంగము. వీనికి వెన్నెముక లేదు. లోకములోని జంతుజాతులలో నూటికి 95కు పైగా వెన్నెముక లేనివే. జంతుశాస్త్రజ్ఞులు ప్రాణులను ముప్పదికి పైగా మహావర్గములుగా విభజించిరి. వానిలో అత్యధికము సముద్రమున నున్నవి; కొన్ని వర్గములు సముద్రమున తప్ప మరెక్కడను కానరావు. పులి, ఏనుగు, కాకి, కప్ప, మనుష్యుడు - మన మెరిగిన పెద్ద ప్రాణులన్నియు కలిసి అందులో ఒక్క వర్గమున ఒక భాగము మాత్రమే. కావున జంతుకులమునకు మూలమెట్టిది, దాని కొమ్మలు ఏ వరుసలో చీలినవి అని తెలిసికొనగోరువారు అడవికి గాక సముద్రమునకే పోవలసియున్నది.

ఈ చుట్టరికములను తేల్చు పద్ధతి పూర్వము ఒక్కటే యుండెను. శరీరములను కోసి, పోల్చి చూచుట. పోలిక యున్నచోట బంధుత్వ మున్నదని భావించుట. ఈ పద్ధతి చాలవరకు మంచిదే. కాని సముద్రజీవుల విషయమున అది పలుమారులు మోసపుచ్చినది. ఓడల అడుగుభాగమునను రేవుస్తంభముల మీదను అతుకుకొని పెరుగు తెల్లని గుల్లప్రాణులు కలవు. ఇంగ్లీషున వానిని బార్నకిల్ అందురు. గుల్ల యున్నది, చోటు విడిచి కదలదు. కావున ఇది నత్తలకును ఆల్చిప్పలకును చుట్టమని అందరును నమ్మిరి. ఫ్రాన్సు దేశపు మహాశాస్త్రజ్ఞుడు క్యువియే కూడ అట్లే తలచెను. 1830లో, ఐర్లండునందు సైనికవైద్యుడుగా నుండిన జాన్ వాన్ థాంప్సన్ ఈ ప్రాణి పిల్లలను పరీక్షించి, అవి రొయ్యపిల్లలవలె కాళ్లాడించుచు నీటిలో ఈదుచుండుట లోకమునకు తెలియజేసెను. ఆల్చిప్పకు చుట్టమనుకొనినది పీతకును రొయ్యకును చుట్టమని తేలినది.

అట్టిదే మరియొక ఉదాహరణము. రాతికి అంటుకొని, తోలుసంచివలె నుండి, తాకినచో నీటిని చిమ్ము ప్రాణి యొకటి కలదు. సీస్క్విర్ట్ అని దాని పేరు. దానికి తల లేదు, తోక లేదు. కాని 1866లో రష్యను శాస్త్రజ్ఞుడు కొవలెవ్‌స్కీ దాని పిల్లను చూపినప్పుడు పండితులు విస్తుపోయిరి. ఆ పిల్ల తోకకప్ప ఆకారమున నుండి, వెన్నెముకకు పూర్వరూపమైన ఒక దండమును తోకలో ధరించియున్నది. పెరిగినకొలది అది ఆ దండమును పోగొట్టుకొని సంచిగా మారును. చూచుటకు కూరగాయవలె నున్న ఈ ప్రాణి వెన్నెముక గల మనకు సమీపబంధువు!

ఈ రెండు కథలనుండి గ్రహింపవలసిన దేమనగా, ప్రాణి తన జీవనవిధానమును బట్టి రూపమును మార్చుకొనును. వాడుక లేని అవయవము పోవును. దూరపు చుట్టములు ఒకే తీరున జీవించినచో ఒకే రూపమును పొందును. రూపము సాక్షియే గాని, ఎల్లప్పుడును నమ్మదగిన సాక్షి కాదు.

ఇక రెండవ సాక్షి సంగతి. ప్రతి ప్రాణి కణములలోను డి.ఎన్.ఏ. అను పొడవైన పోగు కలదు. అది నాలుగే అక్షరములతో వ్రాసిన గ్రంథము వంటిది. మనుష్యుని గ్రంథములో ఇట్టి అక్షరములు సుమారు 300 కోట్లు. ఈ సమస్తగ్రంథమునకు జీనోము అని పేరు. అందులో ఒక్కొక్క ప్రోటీనును తయారుచేయుటకు వలయు ఆదేశ మున్న భాగము జన్యువు. తల్లిదండ్రులనుండి బిడ్డలకు ఈ గ్రంథము నకలు పడి సంక్రమించును. నకలులో అప్పుడప్పుడు తప్పులు దొరలును. ఆ తప్పులే చుట్టరికమును పట్టిచ్చు ఆనవాళ్లు.

దీనిని మన తాళపత్రగ్రంథములతో పోల్చిన సులభముగా బోధపడును. సి.పి. బ్రౌను వేమన పద్యములను పరిష్కరింప బూనినప్పుడు అనేక ప్రతులను సేకరించి పోల్చి చూడవలసి వచ్చెను. మూలప్రతి లేదు, ఉన్నవన్నియు నకళ్లకు నకళ్లు. ఒక పద్యమున ఒకే విచిత్రమైన తప్పు రెండు ప్రతులలో కనబడినచో, ఆ రెండును ఆ తప్పు మొదట దొరలిన ఒకే ప్రతినుండి పుట్టినవని పరిష్కర్త ఊహించును. ఇట్లు ఒక్కొక్క తప్పును పట్టుకొని పోయినచో ప్రతులకు వంశవృక్షము ఏర్పడును. జీవశాస్త్రజ్ఞుడు చేయు పనియు ఇదియే. భేద మొక్కటే: అతని ప్రతులు 60 కోట్ల సంవత్సరములకు పైగా నకలు పడుచున్నవి.

పని ఎట్లు సాగునో కొంచెము చెప్పవలెను. ముందు ప్రాణిని పట్టవలెను. కొన్ని ప్రాణులు తీరమున బుడ్డితో ముంచినచో దొరకును. కొన్నిటికొరకు వేల అడుగుల లోతునకు యంత్రములను దింపవలెను. జిగురుప్రాణులు చేయి తగిలినంతనే చెదరిపోవును. తెచ్చినదానిని వెంటనే అతిశీతలమున భద్రపరచి, అందలి డి.ఎన్.ఏ.ను వేరుచేసి, యంత్రముచేత అక్షరములను చదివింతురు. పిమ్మట వేర్వేరు ప్రాణులలో ఒకే పూర్వజన్యువునుండి వచ్చిన ప్రతులను ఏరి, పంక్తికి పంక్తి సరిపడునట్లు పేర్చుదురు. ఇచట ఒక చిక్కు కలదు. ఒక్కొక్క జన్యువు ఒకే ప్రాణిలో రెండుగా మారి, ఆ రెండును వేరుదారుల పోవుచుండును. ఒక ప్రాణిలో పెద్దదానిని, మరియొక ప్రాణిలో చిన్నదానిని తీసికొని పోల్చినచో, అన్నను తమ్ముని కొడుకుతో జతపరచి వయస్సు లెక్కించినట్లగును. ఈ జాగ్రత్తలన్నియు తీసికొనిన పిమ్మట గణనయంత్రములు లక్షలకొలది వృక్షములను పరీక్షించి, ఈ అక్షరభేదములకు ఏ వృక్షము ఎక్కువ పొసగునో నిర్ణయించును.

ఆరంభమున ఒకే జన్యువుతో ఈ పని జరిగినది. 1988లో అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు, కణములలో ప్రోటీనులు తయారగు చోట నుండు ఒక అణువును ఆధారముగా గొని, జంతుకులమంతటికిని తొలి అణువృక్షమును వేసిరి. 1997లో అదే మార్గమున వచ్చిన ఫలితము పాఠ్యగ్రంథములను తిరుగవ్రాయించెను. అప్పటివరకు కణుపులు కణుపులుగా నున్న శరీరమును చూచి వానపామును, రొయ్యను దగ్గరి చుట్టములనుకొనుచుండిరి. జన్యువు వేరుమాట చెప్పినది. రొయ్యకును పీతకును ఈగకును దగ్గరివి, పాతచర్మమును కుబుసమువలె విడుచు సన్నని గుండ్రపురుగులు. వానపాము నత్తలకును ఆల్చిప్పలకును దగ్గరిది. 2006లో అనేకజన్యువులను కలిపి చూచినప్పుడు, మన వెన్నెముక కుటుంబమునకు అత్యంత సమీపబంధువు చేపపిల్లవలె కనబడు ఆంఫియాక్సస్ కాదనియు, ఇంతకుముందు చెప్పిన తోలుసంచి ప్రాణియే యనియు తేలెను.

ఈ విజయములు విని జన్యువు ఎన్నడును తప్పు చెప్పదని తలపరాదు. స్వీడను దేశపు పడమటి తీరమున సముద్రపు బురదలో ఒక చిన్న పురుగు కలదు. 1915లో సిక్స్‌టెన్ బాక్ అను శాస్త్రజ్ఞుడు దానిని సేకరించెను. 1949లో వెస్ట్‌బ్లాడ్ అను నాతడు వర్ణించి జెనోటర్బెల్లా బాకీ అని నామకరణము చేసెను. పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. నోరున్నది, మలద్వారము లేదు, మెదడు లేదు. దీనిని ఏ వర్గమున చేర్చవలెనో ఎవరికిని తోచలేదు. 1997లో దాని డి.ఎన్.ఏ.ను చదివిన పండితులు, ఇది ఆల్చిప్పల కుటుంబమునకు చెంది, పెరుగుదలలో గుల్లను కోల్పోయిన జీవి యని ప్రకటించిరి. ఆశ్చర్యకరమైన వార్త. కాని 2003లో మరియొక బృందము శ్రద్ధగా పరిశీలింపగా అసలు సంగతి బయటపడినది. ఆ పురుగు ఆల్చిప్పలను భక్షించును. చదివిన డి.ఎన్.ఏ. పురుగుది కాదు, దాని కడుపులోని ఆహారముది! తాళపత్రపు కట్టలో వేరొక గ్రంథపు ఆకు పడియుండగా దానినే చదివి కవిని నిర్ణయించినట్లయినది.

పొరపాటు దిద్దుకొనిన పిమ్మటను ఆ పురుగు కథ ముగియలేదు. 2016లో కాలిఫోర్నియా సమీపమున లోతుసముద్రములో దాని జాతివే మరి నాలుగు క్రొత్త ప్రాణులు వర్ణింపబడినవి. ఒకటి 20 సెంటీమీటర్ల పొడవు. ఒకటి 3,700 మీటర్ల లోతున దొరికినది. ఎడమ కుడి ప్రక్కలు సమముగా గల జంతువులన్నిటిలో ముందు విడిపోయిన శాఖ ఇదియే యని ఆ ఏటి పరిశోధనలు చెప్పెను. 2019లో వచ్చిన మరియొక పరిశోధన, కాదు, ఇది నక్షత్రపుచేపలకు, మనకు సమీపమున నుండవలసినదని వాదించెను. మొదటి మాట నిజమైనచో మన ఆదిపూర్వికుడు మెదడు, మలద్వారము లేని సాదా జీవి. రెండవది నిజమైనచో ఈ పురుగు ఒకప్పుడు కలిగియుండిన అవయవములను పోగొట్టుకొనినది. శాఖ ఒక అంగుళము ఇటునటు జరిగిన మన పూర్వికుని రూపమే మారిపోవుచున్నది. వంశవృక్షముమీద ఇంత పట్టుదల ఎందుకో దీనివలన గ్రహింపవచ్చును.

అంతకంటె పెద్ద వివాదము వృక్షమూలమునకే సంబంధించినది. జంతువులన్నిటిలో మొట్టమొదట విడిపోయిన శాఖ ఏది? పోటీదారులు రెండు. ఒకటి స్పంజిక. స్నానమునకు వాడు స్పంజి దీని అస్థిపంజరమే. దీనికి నోరు లేదు, కడుపు లేదు, కండరములు లేవు, నాడులు లేవు. పూర్వము మొక్క యని భావించిరి; 19వ శతాబ్దపు తొలిభాగమున రాబర్ట్ గ్రాంట్ దాని చిన్నరంధ్రముల గుండ నీరు లోనికి పోయి పెద్దరంధ్రము గుండ వెలుపలికి వచ్చుటను చూచి, ఇది జంతువని నిశ్చయించెను. ఆ నీటిని నడుపునవి కాలరువంటి అంచు గల చిన్నకణములు. సరిగా అట్టి రూపముననే విడివిడిగా ఒంటరిగా బ్రతుకు ఏకకణజీవులును నీటిలో కలవు. అవియే జంతుకులమునకు అతిసమీపమైన బయటి బంధువులని నేడు తెలియుచున్నది. కావున ఏకకణజీవికిని జంతువునకును నడుమ స్పంజికను తొలిమెట్టుగా నుంచుట సహజముగా తోచినది. నూరేండ్లకు పైగా పాఠశాలలలో అట్లే బోధించిరి.

రెండవది టీనోఫోరు, అనగా గ్రీకుభాషలో దువ్వెన ధరించినది. ఉసిరికాయంత పరిమాణమున, నీటివలె స్వచ్ఛముగా నుండు ఒక జాతి మన తూర్పుతీరపు నీటిలోను కనబడును. జెల్లీచేపవలె కనబడినను జెల్లీచేప కాదు. దాని ఒడలిమీద పైనుండి క్రిందికి ఎనిమిది వరుసలు. వరుసకు వరుస సన్నని దువ్వెనపళ్లు. ఆ పళ్లు ఒకదాని వెంట నొకటి కదలుటచేతనే అది ఈదును. కదలునప్పుడు వెలుతురు వానిపై పడి ఇంద్రధనుస్సు రంగులు జాలువారును. జెల్లీచేపవలె కుట్టదు, రెండు పొడవైన తంతువులమీది జిగురుకణములతో ఎరను అంటించుకొని నోటికి తెచ్చుకొనును. దీనికి నోరున్నది, కండరములున్నవి, తలక్రిందులైనచో తెలిసికొను ఇంద్రియమున్నది, అన్నిటికంటె ముఖ్యముగా నాడులున్నవి. ఇన్ని యున్న ప్రాణి స్పంజిక తరువాత విడిపోయినదని తలచుటలో వింత ఏమున్నది?

2008లో కేసీ డన్ మొదలగు శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో ఒక వృక్షమును ప్రకటించిరి. 77 జీవజాతులను, 150 జన్యువులను తీసికొని చేసిన విశ్లేషణ అది. అందు మొదట విడిపోయిన శాఖ స్పంజిక కాదు, దువ్వెన జీవి! రచయితలకే ఇది అనుకొనని ఫలితము. మరుసటి సంవత్సరమే మరియొక బృందము వేరుజన్యువులతో లెక్కవేసి స్పంజికనే మొదట నిలిపెను. 2013లో నీమియాప్సిస్ అను దువ్వెన జీవి యొక్క సమస్త జీనోమును చదివినవారు దువ్వెన జీవిని సమర్థించిరి. 2015లో ఒక వర్గమువారు కాదనిరి. 2017లో 1,719 జన్యువులతో చేసిన ఒక మహావిశ్లేషణ స్పంజికవైపు మొగ్గెను. అదే సంవత్సరము మరియొకటి దువ్వెన జీవివైపు మొగ్గెను.

ఇన్ని జన్యువులు చదివియు ఏకాభిప్రాయము రాకుండుట కేమి కారణము? మరల తాళపత్రములను స్మరింతము. ఇద్దరు లేఖకులు వేర్వేరు ఊళ్లలో, ఒకరి నొకరు ఎరుగక, మిక్కిలి తొందరగా నకలు వ్రాసిరనుకొనుడు. ఇద్దరును లెక్కలేనన్ని తప్పులు చేయుదురు. అక్షరములు కొన్నియే కావున, ఆ తప్పులలో కొన్ని యాదృచ్ఛికముగా ఒకటే అగును. పరిష్కర్త వానిని చూచి ఈ రెండు ప్రతులకును దగ్గరి సంబంధమున్నదని మోసపోవును. జన్యువులలోను ఇంతే. వేగముగా మారిన రెండు శాఖలు నిజమునకు దూరమైనను లెక్కలో దగ్గరకు లాగబడును. 1978లోనే ఫెల్సెన్‌స్టయిన్ అను శాస్త్రజ్ఞుడు ఈ ప్రమాదమును గణితముతో నిరూపించెను. దువ్వెన జీవుల జన్యువులు వేగముగా మారినవి. అందువలన అవి తమ స్థానమునుండి జారి, వృక్షపు మొదటివద్ద నున్న ఏకకణజీవులవైపు లాగబడినవని స్పంజిక పక్షమువారి వాదము. ఆ లోపమును సవరింప మీరు వాడిన గణితపద్ధతియే మరియొక లోపమును తెచ్చుచున్నదని ఎదుటివారి సమాధానము.

ఇంకొక నిజమును గుర్తింపవలెను. ఆ కాలమున శాఖలు త్వరత్వరగా చీలినవి. రెండు చీలికల నడుమ కాలము కొద్ది యైనచో, ఆ నడుమ దొరలిన తప్పులును కొద్దియే. ఆ కొద్ది ఆనవాళ్లను తరువాతి కోట్ల సంవత్సరముల మార్పులు కప్పివేసినవి. ఇట్టి చిక్కుసంబంధములలో వందలాది జన్యువులనుండి ఒకటి రెండింటిని తొలగించినంతనే శాఖ స్థానము మారిపోవచ్చునని 2017లో ఒక పరిశోధన చూపెను. జన్యువుల సంఖ్య పెరిగినంత మాత్రమున సత్యము సిద్ధింపదు. తప్పుదారి చూపు పద్ధతితో ఎక్కువ జన్యువులను చదివినచో తప్పునే మరింత ధైర్యముగా నమ్ముదుము.

ఈ స్థితిలో 2023లో డారిన్ షుల్ట్స్, డేనియల్ రోఖ్‌సార్ మొదలగువారు క్రొత్తదారి త్రొక్కిరి. అక్షరములను విడిచి, జన్యువులు ఏ క్రోమోసోముమీద నున్నవో చూచిరి. క్రోమోసోములు గ్రంథములోని వేర్వేరు కట్టల వంటివి. రెండు కట్టల త్రాళ్లు తెగి ఆకులన్నియు కలిసిపోయిన పిమ్మట, అవి ఏ పుటయు తప్పక మరల పూర్వపు రెండు కట్టలుగా తమంతట తామే విడిపోవుట అసంభవము. కావున ఆకులు కలిసిన ప్రతులన్నియు ఆ ప్రమాదము జరిగిన ఒకే ప్రతికి సంతానమని చెప్పవచ్చును. వారు దువ్వెన జీవులను, స్పంజికలను, వానికి వెలుపలి బంధువులైన మూడు ఏకకణజీవులను పరీక్షించిరి. ఏకకణజీవులలోను దువ్వెన జీవులలోను వేర్వేరు క్రోమోసోములమీద నున్న కొన్ని జన్యుసముదాయములు, స్పంజికలలోను జెల్లీచేపల కుటుంబమునను ఇతర జంతువులలోను కలిసి కలగాపులగమైనట్లు కనబడెను. అనగా ఆ కలయికకు పూర్వమే దువ్వెన జీవుల శాఖ విడిపోయినదని అర్థము.

ఈ వాదము బలమైనదని పలువురు అంగీకరించిరి. అయినను వ్యాజ్యము కొట్టివేయబడలేదు. అట్టి ఆనవాళ్ల సంఖ్య స్వల్పమని ఆక్షేపించువారున్నారు. ఆ తరువాత వచ్చిన విశ్లేషణలలో కొన్ని మరల స్పంజికనే ముందు నిలిపినవి. ఒక సందేహమును మాత్రము ఇచట తీర్చవలెను. దువ్వెన జీవి మొదట విడిపోయినదన్నచో మనము దువ్వెన జీవినుండి పుట్టితిమని కాదు. అది మనకు తాత కాదు, అతిదూరపు దాయాది. మన శాఖ ఎంత కాలము మార్పు చెందినదో దాని శాఖయు అంత కాలము మార్పు చెందినది.

ఇందులో తేలవలసిన దేమి? ఒక్క మాటలో చెప్పవలెనన్న, నాడి పుట్టుక. ఈ వాక్యమును చదువు పాఠకుని కంటినుండి మెదడునకు వార్త పోవుచున్నది, అది నాడివలననే. స్పంజిక ముందు విడిపోయినదైనచో, ఆ తరువాత నాడి ఒక్కమారే పుట్టినదని చెప్పుకొనవచ్చును. దువ్వెన జీవి ముందు విడిపోయినదైనచో రెండే దారులు. జంతువులన్నిటికిని మూలమైన ప్రాణికే నాడులుండి, స్పంజికలు వానిని పోగొట్టుకొనియుండవలెను. లేదా ప్రకృతి నాడిని రెండుమారులు, వేర్వేరుగా, సృష్టించి యుండవలెను.

2014లో లియొనిడ్ మొరోజ్ బృందము, ఉసిరికాయంత దువ్వెన జీవుల జాతి యొకదాని జీనోమును ప్రకటించుచు, మన నాడులలో వార్తలు మోయు సెరటోనిన్, డోపమిన్ వంటి ద్రవ్యములు దాని నాడులలో కానరావని చెప్పి, నాడి రెండుమారులు పుట్టినదను పక్షమును సమర్థించెను. 2023లో నార్వే దేశమున బుర్క్‌హార్ట్ మొదలగువారు నీమియాప్సిస్ పిల్లల నాడులను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరీక్షించి మరియొక వింతను చూపిరి. మన నాడీకణములు ఒకదాని నొకటి అంటక, నడుమ సన్నని సందు విడిచియుండును. ఇచట చర్మము క్రింది నాడీజాలము సందులు లేక అవిచ్ఛిన్నముగా నున్నది. 1906లో నోబెల్ బహుమానమును పంచుకొనిన గాల్గీ, కహాల్ అను మహావైద్యు లిద్దరును దీనినిగూర్చియే తగవులాడిరి. నాడులు ఒకే అవిచ్ఛిన్నజాల మని గాల్గీ, విడివిడికణము లని కహాల్. మన దేహమున కహాల్ గెలిచెను. గాల్గీ చెప్పినట్టి నాడీజాలము మాత్రము సముద్రమున ఒక జిగురుప్రాణిలో కనబడినది.

కడుపు నింపని ఈ విద్య ఎందులకని అడుగువారు కలరు. వారికి సమాధానము లేకపోలేదు. ఈ నీమియాప్సిస్ స్వస్థలము అమెరికా అట్లాంటికు తీరము. 1980 ప్రాంతమున ఓడలు బరువుకొరకు నింపుకొను నీటితో అది నల్లసముద్రమున ప్రవేశించి, చేపలకు ఆహారమైన సూక్ష్మప్రాణులను, చేపగ్రుడ్లను తినివేయుచు విపరీతముగా పెరిగెను. ఆ దశాబ్దము చివర అచటి నెత్తళ్ల జాతి చేపల వేట కుప్పకూలి, జాలరుల జీవనము దెబ్బతినెను. 1997లో దానిని తిను మరియొక దువ్వెన జీవి, బెరోయీ యనునది, అచటికి చేరిన పిమ్మటనే కొంత ఉపశమనము కలిగెను. శంఖాకారపు గవ్వలో వసించు ఒక జాతి విషపునత్త నుండి తీసిన పదార్థమును అనుసరించి చేసిన నొప్పినివారకమునకు 2004లో అమెరికాలో అనుమతి లభించెను. ఏ ప్రాణికి ఏది చుట్టమో తెలిసినవాడే అట్టి మందు మరియెచట దొరకునో ఊహింపగలడు. ఏ జీవి ఎచటినుండి వచ్చినదో జన్యువును చదివి చెప్పగలవాడే రేవులను కాపాడగలడు.

కాని ఈ శాస్త్రజ్ఞులను రాత్రింబగళ్లు పనిచేయించునది ఆ లాభము మాత్రమే కాదు. చూచుట, వినుట, తెలిసికొనుట అను శక్తి లోకమున ఒక్కమారే ఉదయించినదా, రెండుమారులా అను ప్రశ్నకు ప్రత్యుత్తరము ఉసిరికాయంత జిగురుముద్దలో దాగియున్నది. నేటికి నిశ్చయముగా తెలిసినవి ఇవి: తోలుసంచి ప్రాణి మన చుట్టము, గుల్లప్రాణి రొయ్యల కుటుంబము, రొయ్యకు వానపాము దూరము. జెనోటర్బెల్లా స్థానమును, మొదటి శాఖ నిర్ణయమును ఇంకను విచారణలో నున్నవి. ఈసారి తీరమునకు పోయినప్పుడు, చేపలు గంపలకెక్కిన పిమ్మట ఇసుకమీద మిగిలినవానివైపు పాఠకులు ఒక్కక్షణము వంగి చూతురుగాక. స్వచ్ఛమైన ముద్దమీద ఎనిమిది గీతలు కనబడినచో దానిని దోసిట నీటితో మెల్లగా ఎత్తి, పిల్లలకు ఆ రంగులు చూపి, మరల కెరటములోనికి విడుచుట మంచిది.